ప్రేక్షకుడా? చందాదారుడా?

"మేము టీవీ చూడటం మానేశాం" అనే మాట ఈమధ్య చదువుకున్నవాళ్ల ఇళ్లలో తరచు వినిపిస్తున్నది. చుట్ట మానేసినవాడు చెప్పుకున్నట్టు కొంచెం గర్వంగానే చెబుతారు. తీరా వాళ్లింటికి పోయి చూస్తే గోడకు పాతదానికంటె పెద్ద టీవీయే ఉంటుంది. వాళ్లు మానేసింది కేబులును. ఏడున్నరకు సీరియల్, తొమ్మిదింటికి వార్తలు అని ఎవరో వేసిన కాలపట్టికకు లోబడకుండా, తమకు ఇష్టమైనదాన్ని తమకు తీరిక దొరికినప్పుడు యాప్‌లలో చూస్తున్నారు. కొన్నిటికి డబ్బు కడతారు, కొన్ని ఊరికే వస్తాయి. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు స్వేచ్ఛ.

ఈ స్వేచ్ఛ ఎటువంటిది, ఎవరిది, దీనివల్ల మన కథకు ఏమవుతున్నది అని విచారించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది వినోదానికి సంబంధించిన చిన్న సంగతి అని సాహిత్య విమర్శకులు ఊరుకోవటానికి వీల్లేదు. ఇవాళ తెలుగునాట అచ్చులో కథ చదివేవారికంటె తెరమీద కథ చూసేవారు ఎన్నో రెట్లు ఎక్కువ. కథ ఎక్కడికి పోతే విమర్శ కూడా అక్కడికి పోవాలి. పోకపోతే నష్టపడేది విమర్శే.

ముందుగా ఒప్పుకోవలసినదాన్ని ఒప్పుకుందాం. టీవీని వదిలిపోతున్నవాళ్లకు తగిన కారణాలే ఉన్నాయి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చిన నాటినుంచీ తెలుగు ప్రైవేటు చానళ్లు ముఖ్యంగా ప్రకటనల రాబడిమీద బతుకుతున్నాయి. ప్రకటనదారు కొనేది కథను కాదు, కథ చూస్తూ కూర్చున్న మనిషి కాలాన్ని. ఆ కాలాన్ని రోజూ ఒకే వేళకు అమ్మాలంటే కథ కూడా రోజూ ఒకే వేళకు హాజరు కావాలి. ముగియకూడదు. కథకు ముగింపు అంటే రాబడికి ముగింపు. డైలీ సీరియల్ శిల్పమంతా ఈ ఒక్క సూత్రంలోంచే పుట్టింది. ఎవరో ఒకరు చెంపదెబ్బ తింటే ఇంటిల్లిపాది ముఖాలనూ మూడేసిసార్లు చూపటం దర్శకుడి చేతగానితనమని నవ్వుకుంటాం. నిజానికి అది అతని ఉద్యోగధర్మం.

"కార్తీకదీపం" సంగతే చూడండి. 'కరుత్తముత్తు' అనే మలయాళ సీరియల్ ఆధారంగా తీసిన ఈ కథ స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. నల్లగా పుట్టిన ఆడపిల్లను మన సమాజం ఎట్లా చూస్తుందన్నది దాని మూలవస్తువు. ఇది తేలిక వస్తువు కాదు. పెళ్లిచూపుల గదినుంచి పత్రికల్లో వివాహ ప్రకటనలదాకా రోజూ జరిగే అవమానం. లక్షల ఇళ్లలో ఆడవాళ్లు ఆ దీప అనే పాత్రను తమ మనిషిగా చూసుకున్నారంటే కారణం ఇదే. వాళ్ల అభిరుచి చెడిపోవటం కాదు. కాని కథ సాగేకొద్దీ ఆ వస్తువు వెనకబడిపోయి, భార్యమీద భర్త అనుమానం కథను ఆక్రమించింది. భర్త స్వయంగా డాక్టరు. పిల్లలు తనవాళ్లా కాదా అని తేల్చే డీఎన్ఏ పరీక్ష ఒకటున్నదని అతనికి ఏళ్ల తరబడి తోచకపోవటం తెలుగునాట పెద్ద హాస్యమయింది. ఆ పరీక్ష జరిగితే కథ అయిపోతుంది, సాయంత్రం ఏడున్నర ఖాళీ అవుతుంది. డాక్టరుకు తెలివి లేక కాదు, వ్యాపారానికి ఆ తెలివి అక్కరలేదు.

దీని పక్కన "కలర్ ఫోటో" పెట్టి చూద్దాం. 2020 ఉగాదినాడు, దేశమంతా తలుపులు మూసుకున్న రోజునే, ఆహా అనే తెలుగు స్ట్రీమింగ్ సంస్థ లాంఛనంగా మొదలయింది. సినిమాహాళ్లు ఇంకా తెరుచుకోని ఆ అక్టోబరులో సందీప్‌రాజ్ తీసిన ఈ సినిమా అందులోనే నేరుగా వచ్చింది. ఇందులోనూ వస్తువు రంగే. 1990ల నాటి బందరులో నల్లని పేద కుర్రవాడు ఎర్రని పెద్దింటి అమ్మాయిని ప్రేమిస్తాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్న ఆమె అన్న అడ్డుపడతాడు. పేరుమోసిన కథానాయకుడు లేడు. రెండున్నర గంటలలోపు కథ తన చివరికి, చేదైన చివరికి, చేరుతుంది. కులం అని తెగేసి చెప్పవలసినచోట కొంత రంగుతో సరిపెట్టుకున్నారని నా అభిప్రాయం. అయినా అవమానాన్ని అవమానంగానే చూపారు. దాన్ని ఊరగాయ జాడీలో వేసి ఐదేళ్లు నిలవచేయలేదు. 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఇది ఉత్తమ తెలుగు చిత్రమయింది.

ఇటువంటివి ఇంకా ఉన్నాయి. 2021లో ఆహాలో వచ్చిన "మెయిల్" 2005 ప్రాంతపు తెలంగాణ పల్లెలోకి కంప్యూటరు వచ్చిన తీరును, దానితోబాటు వచ్చిన ఆశను, ఆ ఆశను మోసగించే లాటరీ ఉత్తరాన్ని చూపింది. అదే సంవత్సరం నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన "సినిమా బండి"లో ఒక ఆటోడ్రైవరుకు ఎవరో తన బండిలో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. అతను పెళ్లి ఫోటోలు తీసే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, క్షురకుణ్ణి కథానాయకుడిగా, కూరలమ్మే అమ్మాయిని కథానాయికగా పెట్టి, ఊళ్లోవాళ్లందరి సహాయంతో సినిమా తీయబోతాడు. మాండలికాన్ని నవ్వులాటకు వాడకుండా మనుషుల మాటగా వాడిన కథలు ఇవి. కేవలం హాళ్లనూ చానళ్లనూ నమ్ముకుని ఉంటే ఇవి మన దాకా వచ్చేవా అన్నది అనుమానమే. కాబట్టి కొత్త సాధనాన్ని తిట్టి కూర్చోవటం అభ్యుదయం అనిపించుకోదు.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. "సినిమా బండి" ఊరికోసం, ఊరిచేత, ఊళ్లో తీసిన సినిమా గురించిన కథ. ఆ కథ చందా కట్టినవారికే తెరుచుకునే తలుపు వెనక విడుదలయింది. అది వచ్చిన నాటికి నెట్‌ఫ్లిక్స్‌లో అన్నిటికంటె చవక చందా, అదీ ఫోనులో మాత్రమే చూసుకునేది, నెలకు 199 రూపాయలు. ఆ సంవత్సరం డిసెంబరులో 149 చేశారు. ఆ కథలోని ఆటోడ్రైవరూ, కూరలమ్మే అమ్మాయీ తమ కథను తామే చూసుకోవాలంటే ఈ డబ్బు కట్టాలి. కూలి డబ్బుతో బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. పైగా ఒక్క చందాతో అన్ని కథలూ రావు. ఒక్కొక్క కథ ఒక్కొక్క సంస్థ సొత్తు. పేదవాడు తెరమీద పాత్రగా పనికివచ్చి తెర ముందు ప్రేక్షకుడిగా పనికిరాకపోవటం కళారంగంలో కొత్త సంగతి కాదు. ఇప్పుడు దానికి నెలవారీ లెక్క తయారయింది, అంతే.

"డబ్బు లేనివాళ్లకు ఉచితంగా వచ్చేవీ ఉన్నాయి గదా" అంటారు. ఉన్నాయి. యూట్యూబు ఉన్నది, అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ ఉన్నది. కాని ఉచితం అన్న మాట అర్థాన్ని కొంచెం పరీక్షించాలి. మొదటిది, ఏ ఉచితమైనా డేటా మీదనే వస్తుంది, డేటాను కొనాలి. 2016 సెప్టెంబరులో జియో రావటంతో డేటా ధర పడిపోయిన మాట నిజం. అందరికీ అలవాటయిన తరవాత 2024 జులైలో పెద్ద కంపెనీలన్నీ ఒకేసారి రీఛార్జి ధరలు పెంచిన మాట కూడా అంతే నిజం. రెండవది, ఉచితం అన్నది అనేకసార్లు ఎర. ఐపీఎల్ క్రికెట్ పోటీలను 2023లో జియోసినిమా ఉచితంగా చూపింది. దేశమంతా ఫోనులో క్రికెట్ చూడటం నేర్చుకున్నది. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, డిస్నీ హాట్‌స్టార్ కలిసిపోయి ఒక్క సంస్థ అయినాయి. ఆ ఏటి పోటీలు కాసేపు ఉచితం, ఆ తరవాత చందా. కొన్ని రీఛార్జిలతో ఆ చందా కలిపి ఇచ్చారు. అంటే ధర పోలేదు, ఒక జేబులోంచి మరో జేబులోకి మారింది. పోటీదారులు ఇద్దరున్నప్పుడు ఉచితంగా ఉన్నది, ఒక్కరైనప్పుడు ఎందుకు లేదో తెలుసుకోవటానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు.

మూడవ సంగతి మరీ విచిత్రమైనది. ప్రకటనల బాధ పడలేకనే చాలామంది కేబుల్ మాని చందా కట్టారు. 2025 జూన్ నుంచి మన దేశంలో ప్రైమ్ వీడియో చందాదారులకు కూడా మధ్యమధ్య ప్రకటనలు మొదలయినాయి. అవి లేకుండా చూడాలంటే అదనంగా కట్టాలి. టీవీలోంచి పారిపోయిన మనిషిని ప్రకటన వెంబడించి కొత్త ఇంట్లో పట్టుకున్నది. ప్రకటన నుంచి తప్పించుకునే హక్కు ఇప్పుడు అమ్మకపు సరుకయింది. డబ్బున్నవాడి కాలానికి విలువ ఉన్నది. లేనివాడి కాలం ప్రకటనదారుది.

ఇక రూపం మాట. ప్రకటన రాబడి సీరియల్‌ను సాగదీసిందని చెప్పాను. చందా రాబడి కథను ఏం చేస్తుంది? చందాదారుడు వచ్చే నెల కూడా ఉండాలి. అందుకని ప్రతి భాగం చివరా ఒక కొక్కెం ఉంటుంది. దానికి తగులుకున్నవాడు ఊపిరి తీసుకునేలోపల తరవాతి భాగం దానంతట అదే మొదలవుతుంది. తెలుగు సిరీస్‌లలో హత్య, దర్యాప్తు, మాయమైన మనిషి ఇంత తరచుగా కనిపించటానికి ఇదొక కారణమని నా ఊహ. శవానికి మించిన కొక్కెం లేదు గదా. సీరియల్ ముగింపును వాయిదా వేస్తుంది, సిరీస్ నిద్రను వాయిదా వేస్తుంది. రెండింటిలోనూ కథకుడి చెయ్యి పట్టుకుని రాయించేది ఆదాయం వచ్చే మార్గమే.

కొక్కెం లేని మంచి సిరీస్‌లు లేవా? ఉన్నాయి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన "నైంటీస్ — ఏ మిడిల్ క్లాస్ బయోపిక్" అటువంటిది. శివాజీ లెక్కల మాస్టారుగా వేసిన ఆ ఆరు భాగాల కథను ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవచ్చు. రూపాయి రూపాయి లెక్కపెట్టుకునే సంసారం, మార్కుల భయం, ఇడ్లీకోసం ఎదురుచూసే పిల్లల ముందు ఉప్మా — ఇవన్నీ నిజాయితీగా ఉన్నాయి. చూస్తూ నేనూ నవ్వాను, కొన్నిచోట్ల గొంతు పట్టుకున్నది. కాని చూసిన మర్నాడు ఒక ప్రశ్న వేసుకున్నాను: ఆ ఇంటికి బయట ఏముంది? 1991 తరవాత దేశ ఆర్థిక విధానమే మారిపోయిన దశాబ్దం అది. ప్రభుత్వ పాఠశాలలో పాఠం చెప్పే తండ్రి తన బిడ్డలను ప్రైవేటు బడికి ఎందుకు పంపుతున్నాడు? ఆ ప్రశ్న దగ్గరికి కథ వచ్చి, నవ్వి, పక్కకు తప్పుకుంటుంది. ఆ లేమిని దాటి వచ్చి, ఇప్పుడు చందా కట్టగలిగిన స్థితిలో ఉన్నవాళ్లకు ఆ లేమి ఒక తీపి జ్ఞాపకం. ఇంకా అందులోనే ఉన్నవాళ్లకు అది జ్ఞాపకం కాదు. చందా కట్టగలిగిన మధ్యతరగతి తన ముఖం తాను చూసుకుని ముచ్చటపడే అద్దాలను స్ట్రీమింగ్ సంస్థలు బాగా తయారుచేస్తున్నాయి. అద్దం అబద్ధం చెప్పదు. కాని ఎదుట నిలబడ్డవాణ్ణే చూపిస్తుంది.

ఎంపిక అన్నదాన్ని గురించి కూడా ఒక మాట. యాప్ తెరవగానే "మీకోసం" అని వరసలు కనిపిస్తాయి. అవి మనం నిన్న చూసినదాన్నిబట్టి పేర్చినవి. నిన్న నేరకథ చూసినవాడికి ఇవాళ మరో నేరకథ. మన కిరాణాకొట్టువాడు కూడా నిన్న కొన్న పప్పునే ఇవాళా పొట్లం కట్టబోతాడు. కాని కొట్టంతా మన కళ్లముందే ఉంటుంది, వేలు పెట్టి మరొకటి అడగవచ్చు. ఇక్కడ కొట్టంతా ఎప్పుడూ కనిపించదు. కనిపించినదాన్నే ఎంచుకుని, ఎంచుకున్నామని అనుకుంటాం. పైగా కొట్టులోని సరుకు ఏ రాత్రి మాయమవుతుందో తెలియదు. నయనతార నటించిన "అన్నపూరణి" అనే తమిళ చిత్రాన్ని, కొందరి మనోభావాలు దెబ్బతిన్నాయన్న ఫిర్యాదుల తరవాత, 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ నుంచి తొలగించారు. పుస్తకాన్ని నిషేధిస్తే మన బీరువాలో ప్రతి మిగులుతుంది, కోర్టులో వాదన మిగులుతుంది. ఇక్కడ యజమాని మీట నొక్కితే చాలు. చందా కట్టినవాడికి ఒక్క మాట చెప్పవలసిన పని లేదు.

ఈ విషయాలు మా కళాశాలలో ఒకనాడు నాకు స్పష్టంగా బోధపడినాయి. కథాశిల్పం పాఠంలో ఉదాహరణకోసం "మీరందరూ చూసిన కథ ఒకటి చెప్పండి" అని తరగతిని అడిగాను. ఒక్కటీ దొరకలేదు. ఒకడు చూసింది మరొకడు చూడలేదు. కొందరు స్నేహితుడి పాస్‌వర్డుతో చూస్తారు. కొందరు సినిమా చూడరు. యూట్యూబులో ఎవరో పది నిమిషాల్లో చెప్పేసే కథాసంగ్రహం చూస్తారు. వెనక వరసలో ఆడపిల్లలు మాట్లాడలేదు. తరవాత వాళ్లలో ఒకామె, "మా ఇంట్లో ఫోను అన్నయ్యది సార్, అమ్మతోపాటు సీరియల్ చూస్తాను" అన్నది. ఎవరికి వారు ఎంచుకోగల ఈ లోకంలో ఆ పిల్లకు ఎంపిక లేదు. మనం వెక్కిరించే ఆ సీరియలే ఆమెకు మిగిలిన ఉమ్మడి తెర. కేబుల్ మానేశామని గర్వంగా చెప్పేవాళ్లు ఆమెను ఒకసారి తలుచుకోవాలి.

ఉమ్మడి తెర అన్నాను గనక దాని చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. తెలుగు పల్లెకు టీవీ మొదట వచ్చింది ఎవరి ఇంట్లోకీ కాదు. 1975 ఆగస్టునుంచి 1976 జులైదాకా ఉపగ్రహం ద్వారా విద్యాప్రసారాల ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలలో ఊరికొకటి చొప్పున టీవీ పెట్టారు. ఊరంతా దాని ముందు కూర్చున్నది. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయింది. ఆ దూరదర్శన్ సర్కారు డప్పు కొట్టేదన్నది అందరికీ తెలిసిన విషయమే. దాన్ని స్వర్ణయుగమని నేను అనను. కాని దాని వెనక ఒక సూత్రం ఉన్నది: ప్రసారం ప్రజలందరిదీ. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా, క్రికెట్ ప్రసారాల తగాదాలోనే, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. వాటిమీద ప్రభుత్వ గుత్తాధిపత్యం కూడదన్నది. ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయింది. కాని "ప్రజల ఆస్తి" అన్న సగం మాట దారిలో ఎక్కడో జారిపోయింది. దేశానికి ముఖ్యమైన క్రీడల ప్రసారాలను దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లో చట్టం చేశారు. అది టీవీ, రేడియో ప్రసారాలను ఉద్దేశించిన చట్టం. జనం మాత్రం ఫోనులోకి పోయారు.

ఈ ఉమ్మడి తెర విలువ ఏమిటో 2020లో ఒకసారి తెలిసివచ్చింది. కరోనావల్ల బడులు మూతపడినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్‌లోనూ ప్రసారం చేశారు. ఇంట్లో స్మార్టుఫోను లేని పిల్లలకు ఆ సమయాన దిక్కయింది, అందరూ చిన్నచూపు చూసే ఆ పాత టీవీయే. చూసేవాడి చందాతో నిమిత్తం లేనిది గనకనే అది వాళ్లదాకా పోగలిగింది. టీవీ కూడా లేని ఇళ్ల పిల్లలు ఏమయారన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది వినోద సంస్థలు కావు, ప్రభుత్వం. 2024 నవంబరులో ప్రసారభారతి కూడా వేవ్స్ అనే తన స్ట్రీమింగ్ యాప్ తెచ్చింది. సంతోషమే. అయితే ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ప్రైవేటు కొట్ల పక్కన మరొక కొట్టు తెరిచి ఊరుకుంటే చాలదు. ప్రైవేటు సంస్థలు ఏ కథను లాభం లేదని వదిలేస్తాయో, ఏ ప్రేక్షకుణ్ణి డబ్బు లేదని వదిలేస్తాయో, ఆ కథను ఆ ప్రేక్షకుడికి చేర్చటమే దాని పని.

ఇంతవరకూ సంస్థల మాట చెప్పాను. ప్రజలు స్వయంగా ఇచ్చిన జవాబు ఒకటున్నది. 2023 మార్చి 3న వేణు ఎల్దండి తీసిన "బలగం" హాళ్లలోకి వచ్చింది; ఆ నెలలోనే ప్రైమ్ వీడియోలోకీ వచ్చింది. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. చెదిరిపోయిన అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది. చివర బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడతారు. ఈ సినిమాను ఎవరి ఫోనులో వారు చూసుకోవటానికి అవకాశం ఉండగానే తెలంగాణ పల్లెలు ఆ పని చేయలేదు. పంచాయతీ ముందు, బడి ఆవరణలో తెర కట్టి, ప్రొజెక్టరు తెచ్చి, ఊరంతా చాపలు వేసుకుని కూర్చుని చూశాయి. అందరూ కలిసి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు అది చూసి కలిసిపోయారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఇట్లా ఉచితంగా వేయటంవల్ల తమ రాబడి పోతున్నదని నిర్మాతల వైపునుంచి పోలీసులకు ఫిర్యాదు వెళ్లిందని కూడా పత్రికల్లోనే వచ్చింది.

నిర్మాత బాధ నాకు అర్థం కాకపోలేదు. పెట్టుబడి పెట్టినవాడికి అది తిరిగి రావాలి. రాకపోతే రేపు మరో "బలగం" తీసేవాడుండడు. దొంగతనంగా వేయమని నేను చెప్పను. కాని చట్టం ఎరిగిన ప్రేక్షకులు రెండే రకాలు: టిక్కెట్టు కొన్నవాడూ, చందా కట్టినవాడూ. ఊరు అనే ప్రేక్షకుడు దాని లెక్కలో లేడు. ఊరు ఒక్కటై చూడదలిస్తే దానికి న్యాయమైన ధర ఎంతో, ఎవరికి కట్టాలో చెప్పే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? గ్రంథాలయం ఒక పుస్తకం కొంటే వందమంది చదువుతారు. రచయిత పోలీసుల దగ్గరికి పోడు. పుస్తకానికి ఉన్న ఈ మర్యాద సినిమాకు ఎందుకు లేదు?

ఈ ప్రశ్న అడిగే హక్కు, బాధ్యత అభ్యుదయ రచయితలకు తక్కినవారికంటె ఎక్కువ ఉన్నది. 1943లో తెనాలిలో మన సంఘం పుట్టిన కాలంలో బుర్రకథను, నాటకాన్ని ఊరి నడిబొడ్డుకు తీసుకుపోయినవారు మన పెద్దలు. "మా భూమి" నాటకాన్ని జనం గుంపులుగా కూర్చుని చూశారు; చూసి లేచి మాట్లాడుకున్నారు. ఆ మాట్లాడుకోవటానికి భయపడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక్కొక్కడు విడిగా గదిలో చెవులకు తొడుగులు పెట్టుకుని చూసి నిద్రపోయే కళకు ఏ ప్రభుత్వమూ అంతగా భయపడదు.

కాబట్టి టీవీయా, ఓటీటీయా, ఉచితమా, చందాయా అని తూచి తీర్పు చెప్పటం మన పని కాదు. ఇంటి బడ్జెటునుబట్టి, తీరికనుబట్టి ఎవరికి అనుకూలమైనది వారు ఎంచుకుంటారు. అందులో తప్పు పట్టవలసింది లేదు. నేనూ రెండు చందాలు కడుతున్నాను. మన పని వేరే ఉన్నది. ఈ తెరల మీద వచ్చే కథలను పుస్తకాలతో సమానంగా పట్టించుకుని విమర్శించాలి. సీరియల్ చూసే తల్లిని వెక్కిరించటం మాని ఆ సీరియల్‌ను విమర్శించాలి. కళాశాలల్లో, గ్రంథాలయాల్లో నలుగురూ కూర్చుని చూసి మాట్లాడుకునే ఏర్పాటుకోసం, అందుకు తగిన అనుమతులకోసం అడగాలి. ప్రజల సొమ్ముతో నడిచే ప్రసార సంస్థను ప్రజలకు జవాబుదారీ చేయమనాలి.

వచ్చే నెల మా తరగతి గదిలోనే, హక్కుదారుల అనుమతి తీసుకుని, ఒక తెలుగు సినిమా వేద్దామనుకుంటున్నాం. అన్నయ్య చేతిలో ఫోను ఉన్న ఆ పిల్ల ముందు వరసలో కూర్చుంటానన్నది. సినిమా అయిన తరవాత మొదటి మాట ఆమెనే అడుగుతాను.